మావోరీ భూమి, మందుల చీటీ: న్యూజిలాండ్ రికార్డుల్లో పేరుకు ఉన్న బలం

న్యూజిలాండ్‌కి కొత్తగా వెళ్లిన తెలుగు కుటుంబానికి అక్కడి రికార్డుల పద్ధతి రెండు చోట్ల వింతగా అనిపిస్తుంది. మొదటిది మందుల షాపు. డాక్టరు రాసిన చీటీ ఇస్తే మందులు ఇస్తారు గానీ చీటీ తిరిగి ఇవ్వరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే అదే చీటీ మడతలు చిరిగేదాకా పర్సులో ఉంటుంది, ఏడాది తర్వాత కూడా దాంతోనే మాత్రలు కొనుక్కుంటాం. రెండోది స్థలం. టైటిల్ కాగితం మీద ‘మావోరీ ఫ్రీహోల్డ్ ల్యాండ్’ అని ఉంటే (మావోరీలంటే ఆ దేశపు మూలవాసులు) బ్యాంకులు వెనకాడతాయి, లాయర్లు ఆగమంటారు. ఆ స్థలానికి యజమాని ఎవరని అడిగితే ఒక పేరు కాదు, కొన్ని వందల పేర్లున్న జాబితా బయటికి వస్తుంది.

ఈ రెండింటికీ పొంతన లేదనిపించవచ్చు. కానీ రెండు చోట్లా చట్టం తేల్చాల్సిన విషయాలు అవే. పేర్లు ఎవరు రాయాలి, ఎంతకాలం దాచాలి, ఎవరికి చూపించాలి?

సంక్షిప్తంగా

మావోరీ భూమి విషయంలో రికార్డులో ఉన్న పేరే హక్కు. అందుకే దానికి గడువు లేదు, ఎవరైనా చూడవచ్చు, యజమాని చనిపోతే పేరు వారసులకు మారాలి. మందుల రికార్డు జాడ తీయడానికి ఉద్దేశించింది. అందుకే దానికి 3, 4, 10 ఏళ్ల గడువులున్నాయి, రోగికీ వైద్యం చేసేవాళ్లకీ తప్ప మిగతావాళ్లకి అది మూసిన పుస్తకం. మొదటిది మనిషిని వంశంలో భాగంగా చూస్తుంది, రెండోది ఒంటరిగా చూస్తుంది. 2021లో ఈ రెండు చూపులూ కోర్టులో ఎదురుపడ్డాయి.

పది పేర్ల జాబితా

1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ పెద్దలకూ మధ్య వైటాంగి ఒప్పందం కుదిరింది. భూమి మీద మావోరీల హక్కును అది గుర్తించింది. అమ్మదలిస్తే మాత్రం ప్రభుత్వానికే అమ్మాలంది. ఆ షరతును 1862 చట్టం తీసేసింది. 1865 చట్టంతో నేటివ్ ల్యాండ్ కోర్టు పూర్తి రూపం తీసుకుంది. వంశాల ఉమ్మడి భూమిని బ్రిటిష్ తరహా పట్టాగా మార్చడం ఆ కోర్టు పని.

చిక్కంతా ఆ మార్పిడిలో ఉంది. అప్పటిదాకా భూమి హపూది, అంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన కుటుంబాల సమూహానిది. ఎవరు ఎక్కడ చేపలు పట్టాలి, ఎక్కడ దుంపలు వేసుకోవాలి అన్న హక్కులు ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉండేవి. కోర్టుకు అవేవీ పనికిరావు, పేర్లు కావాలి. 5,000 ఎకరాల లోపు బ్లాకుకు పదిమందికి మించకుండా పేర్లు రాయాలన్నది 1865 చట్టంలోని నిబంధన. ఆ పదిమందీ మిగతావాళ్ల తరఫున ధర్మకర్తలుగా ఉంటారని మావోరీలు అనుకున్నారు. చట్టం దృష్టిలో మాత్రం వాళ్లే సొంతదారులు. హాక్స్ బే ప్రాంతంలోని హెరెటౌంగా బ్లాకు పట్టా ఇలాగే పది పేర్ల మీద వచ్చింది. దుకాణాల్లో పేరుకున్న అప్పులు చూపించి ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించుకున్నారు, 1870కల్లా ఆ భూమి చేయి దాటింది. జాబితాలో లేని వందలమందికి అడిగే హక్కే లేకపోయింది.

దీన్ని సరిదిద్దడానికి 1873లో మరో చట్టం వచ్చింది. ఈసారి అందరి పేర్లూ రాయమన్నారు. పైకి న్యాయంగా ఉంది, కానీ ఒక్కొక్కరూ తమ వాటాను విడిగా అమ్ముకునే దారి కూడా అదే తెరిచింది. పది పేర్లు రాసినా భూమి పోయింది, అందరి పేర్లు రాసినా పోయింది. తప్పు పేర్ల సంఖ్యలో లేదు. సమూహం సమూహంగా నిర్ణయం తీసుకునే వీలు ఏ పద్ధతిలోనూ లేకపోవడంలో ఉంది.

ఇప్పుడు తెలుగువాళ్లు చాలామంది ఉంటున్న ఆక్లాండ్ నగరంలోనే దీనికి పూర్తి ఉదాహరణ ఉంది. సముద్రతీరంలో ఓరాకెయ్ అనే 700 ఎకరాల బ్లాకు న్గాటి ఫాటువా వంశం వాళ్లది. 1869లో కోర్టు దాన్ని 13 పేర్ల మీద రాసింది. 1898లో అది వ్యక్తుల వాటాలుగా విడిపోయింది. 1910ల నుంచి ప్రభుత్వం ఆ వాటాల్ని ఒక్కొక్కటిగా కొనడం మొదలుపెట్టింది. నగరపు మురుగు గొట్టాన్ని సరిగ్గా ఊరి ముందు నుంచే వేశారు. 1950ల మొదట్లో మిగిలిన కుటుంబాల్ని ఖాళీ చేయించి ఇళ్లు తగలబెట్టారు. 700 ఎకరాల్లో చివరికి వాళ్లకి మిగిలింది పావు ఎకరం శ్మశానం.

వాటా 47 గజాలు

రెండో దెబ్బ వారసత్వం నుంచి వచ్చింది. 1867లో పాపకురా అనే కేసులో కోర్టు ముఖ్య న్యాయమూర్తి ఫ్రాన్సిస్ ఫెంటన్, పెద్దకొడుక్కి మాత్రమే ఆస్తి పోయే ఇంగ్లిష్ పద్ధతి మావోరీలకు వర్తించదని, పిల్లలందరికీ సమానంగా పంచాలని తేల్చాడు. మావోరీ ఆచారంలో మాత్రం భూమి మీద పొయ్యి వెలిగిస్తూ ఉన్నవాడి హక్కు నిలుస్తుంది, వదిలి వెళ్లినవాడిది తరాలు గడిచేకొద్దీ చల్లారుతుంది. కోర్టు పద్ధతిలో ఏ హక్కూ చల్లారదు.

లెక్క వేసి చూస్తే ఫలితం తెలుస్తుంది. ఒకడికి 10 ఎకరాలున్నాయనుకుందాం, అంటే 48,400 గజాలు. తరతరానికి నలుగురు పిల్లలు. అయిదు తరాలకు 1,024 మంది వారసులు, ఒక్కొక్కరికి 47 గజాలు. ఇవి హద్దు రాళ్లు పాతిన గజాలు కావు, మొత్తంలో విడదీయని వాటా. తన 47 గజాలు వాగు పక్కనున్నాయో గుట్ట మీదున్నాయో ఎవరికీ తెలియదు. తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి వేర్వేరు బ్లాకుల్లో వాటాలు వస్తాయి కాబట్టి ఒకే మనిషికి పది పదిహేను చోట్ల ఇలాంటి ముక్కలు ఉండవచ్చు. మన పల్లెల్లోనూ అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు చిన్నవవుతాయి. కానీ ఇక్కడ గట్టు వేసుకుంటారు, ఎవరి ముక్క వాళ్లు దున్నుకుంటారు. అక్కడ గట్టు పడదు, పేర్లే పెరుగుతాయి.

ఈ చిక్కు విప్పడానికి 20వ శతాబ్దంలో రెండు దారులు తొక్కారు. మావోరీ నాయకుడు, మంత్రి అపిరానా న్గాటా 1929 నుంచి ముక్కల్ని ఒకచోట చేర్చి సాగులోకి తెచ్చే పథకాలు నడిపాడు. ప్రభుత్వం 1953లో దీనికి ఎదురు దారి పట్టింది. 25 పౌండ్ల విలువ దాటని వాటాల్ని ‘గిట్టుబాటు కానివి’ అని పేరు పెట్టి బలవంతంగా కొనే అధికారాన్ని మావోరీ ట్రస్టీ అనే ప్రభుత్వాధికారికి ఇచ్చింది. 1967లో ఇంకో అడుగు వేసి, నలుగురికి మించి యజమానులు లేని మావోరీ భూమిని మామూలు భూమిగా మార్చేయవచ్చంది. విలువ లేని వాటా అని చట్టం తేల్చింది. ఆ వాటాయే తమ ఊరి పేరు అని మావోరీలు అన్నారు. వాళ్ల భాషలో భూమినీ, బిడ్డతో పాటు వచ్చే మాయనూ ఒకే మాటతో పిలుస్తారు, ఫెనువా అని. బిడ్డ పుట్టాక మాయను పాతిపెట్టేది ఆ భూమిలోనే. బొడ్డూడిన చోటు అన్న మన మాట దీనికి దగ్గరగా వస్తుంది.

1975 సెప్టెంబరు 14న ఉత్తర కొసనున్న టె హాపువా నుంచి, 79 ఏళ్ల ఫీనా కూపర్ ముందు నడవగా ఒక పాదయాత్ర బయల్దేరింది. ‘ఇంకొక్క ఎకరం కూడా పోకూడదు’ అన్నది నినాదం. సుమారు 1,000 కిలోమీటర్లు నడిచి అక్టోబరు 13న వెల్లింగ్టన్‌లో పార్లమెంటుకు చేరారు. అదే ఏడాది వైటాంగి ఒప్పంద చట్టం వచ్చి, ఒప్పందాన్ని మీరారన్న ఫిర్యాదులు వినే వైటాంగి ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. ఓరాకెయ్‌లో మిగిలిన కొండభాగాన్ని ఖరీదైన ఇళ్లకు ఇవ్వబోతే, 1977 జనవరి నుంచి 506 రోజులు అక్కడ బైఠాయించారు. 1978 మే 25న 222 మందిని అరెస్టు చేసి లేపేశారు. 1985లో ట్రిబ్యునల్‌కు 1840 దాకా వెనక్కి వెళ్లి విచారించే అధికారం వచ్చాక కథ తిరిగింది. 1987 నివేదిక తర్వాత ఆ భూమి వెనక్కి వచ్చింది.

రికార్డుల సంగతి ఇక్కడే ఆసక్తిగా మారుతుంది. 1865 నుంచి నేటివ్ ల్యాండ్ కోర్టు తన విచారణలన్నీ మినిట్ పుస్తకాల్లో రాసుకుంది. భూమి తమదని నిరూపించడానికి పెద్దలు వచ్చి తమ వంశవృక్షాలు, యుద్ధాలు, చేపల మడుగుల పేర్లు సాక్ష్యంగా చెప్పారు. గుమాస్తాలు రాసుకున్నారు. భూమి చేజారడానికి కారణమైన కోర్టు పుస్తకాలే తర్వాత ట్రిబ్యునల్ ముందు ఆధారాలయ్యాయి, మనవలు తమ వంశాన్ని వెతుక్కునే చోటయ్యాయి. పదేళ్లకు చింపేయాలన్న నియమం వాటికి ఉండి ఉంటే ఆ కేసులు చాలావరకు నిలిచేవి కావు.

1993 చట్టం పనితీరు

ఇప్పుడు అమల్లో ఉన్నది 1993 నాటి టె టూరె ఫెనువా మావోరీ చట్టం. భూమిని పూర్వీకులు అప్పగించిన నిధిగా చెబుతూ మొదలవుతుంది. పాత చట్టాలు అమ్మకాన్ని సులువు చేయడానికి పుట్టాయి, ఇది కష్టం చేయడానికి పుట్టింది.

మావోరీ ఫ్రీహోల్డ్ భూమిని అమ్మాలంటే యజమానుల వాటాల్లో 75 శాతం ఒప్పుకోవాలి. కొనే మొదటి అవకాశం రక్తసంబంధీకులకు, అదే హపూలోని వాళ్లకు ఇవ్వాలి. ఆ పైన మావోరీ ల్యాండ్ కోర్టు (పాత నేటివ్ ల్యాండ్ కోర్టుకు ఇప్పటి పేరు) ఖాయం చేయాలి. 52 ఏళ్లకు మించిన లీజులకు కూడా గట్టి షరతులున్నాయి. కోర్టు పట్టా ఇవ్వని సంప్రదాయ భూమి ఇంకా కొద్దిగా మిగిలి ఉంది, దాన్ని అసలు అమ్మనే కూడదు. వీలునామా రాసినా బయటివాళ్లకు ఇవ్వడానికి లేదు, పిల్లలకో బంధువులకో హపూ వాళ్లకో ఇవ్వాలి. భార్యకైనా భర్తకైనా బతికినంతకాలం అనుభవించే హక్కే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 6 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో తగాదా లేని వారసత్వ దరఖాస్తుల్ని జడ్జి దాకా వెళ్లకుండా రిజిస్ట్రారే తేల్చవచ్చు. బంధువుల పిల్లల్ని పెంచుకునే ఫాంగై పద్ధతిలో పెరిగినవాళ్లకు వాటా వస్తుందా రాదా అన్నది ఆ వంశపు ఆచారాన్ని బట్టి నిర్ణయిస్తారు.

వందలమంది కలిసి పొలం నడపలేరు కాబట్టి ట్రస్టులున్నాయి. ఎక్కువగా కనిపించేది అహు ఫెనువా ట్రస్టు. కోర్టు నియమించిన ట్రస్టీలు భూమిని లీజుకిచ్చో, పాడి పశువులు పెట్టో, అడవి పెంచో రాబడి తెస్తారు. యజమానుల పేర్లు అలాగే ఉంటాయి, రోజువారీ నిర్ణయం కొద్దిమంది చేతికి వస్తుంది. 1865 నాటి పదిమందికీ వీళ్లకూ తేడా ఒక్కటే, అయితే అది చిన్న తేడా కాదు. వీళ్లు లెక్క చెప్పాలి, చెప్పకపోతే కోర్టు తీసేస్తుంది.

దేశం మొత్తం మీద ఈ రకం భూమి సుమారు 14 లక్షల హెక్టార్లు, అంటే విస్తీర్ణంలో 5 శాతం పైచిలుకు. దాదాపు అంతా ఉత్తర దీవిలోనే ఉంది. చట్టం భూమిని నిలబెట్టింది, దానికి మూల్యమూ ఉంది. బాకీ తీరకపోతే అమ్ముకోలేని భూమి మీద బ్యాంకు అప్పు ఇవ్వదు. సొంత నేల మీద ఇల్లు కట్టుకోవడానికి కోర్టు నుంచి ఆక్యుపేషన్ ఆర్డరు తెచ్చుకోవాలి. వాడకంలో లేని భూమి మీద కూడా స్థానిక పన్ను బాకీలు పేరుకునేవి. 2021 చట్టం అలాంటి బ్లాకులకు పన్ను తీసేసింది.

తెలుగు పాఠకులకు దీంట్లో 1/70 గుర్తుకొస్తుంది. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీని 1959 రెగ్యులేషన్‌కి 1970లో వచ్చిన సవరణ అడ్డుకుంటుంది. ఉద్దేశం ఒకటే అయినా యంత్రాంగం వేరు. 1/70 ప్రాంతాన్ని చూస్తుంది, షెడ్యూల్డ్ ఏరియా గీత దాటితే దాని రక్షణ ఉండదు. న్యూజిలాండ్ చట్టం టైటిల్‌ను చూస్తుంది. నగరం నడిబొడ్డున ఒక ప్లాటు మావోరీ భూమి కావచ్చు, ప్రహరీ అవతలిది మామూలు భూమి కావచ్చు. మావోరీ వ్యక్తి బజారులో కొన్న ఇల్లు అంతమాత్రాన మావోరీ ఫ్రీహోల్డ్ భూమి అయిపోదు. రెండో తేడా, పట్టా మన దగ్గర మనిషిది, అక్కడ జాబితాది.

మందుల చీటీకి మూడు గడువులు

మందుల షాపు సంగతి ఇంత లోతైనది కాదు. గందరగోళమంతా ఒకే విషయానికి మూడు నిబంధనలు ఉండటం వల్ల వస్తుంది.

1984 మెడిసిన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం మందులిచ్చిన చీటీని షాపు 3 ఏళ్లు దాచాలి. రోగికి చీటీ తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. మార్ఫిన్, మెథడోన్, ఫెంటానిల్ వంటి నియంత్రిత మందులకు 1977 నిబంధనలు వేరే ఉన్నాయి, వాటి రికార్డు 4 ఏళ్లు. ఆ మందులకు ప్రత్యేక రిజిస్టరు ఉంటుంది. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత పోయింది, ఎంత మిగిలింది అని వరుసగా రాస్తారు. తప్పు పడితే కొట్టేయకూడదు, పక్కన సరిచేసి తేదీతో సంతకం పెట్టాలి. ఏటా జూన్ 30న, డిసెంబరు 31న నిల్వ లెక్క చూడాలి. మూడోది 1996 నిబంధన. రోగి ఆరోగ్య సమాచారాన్ని చివరిసారి సేవ అందించిన రోజు నుంచి 10 ఏళ్లు ఉంచాలి. అంటే కాగితం చీటీ మూడేళ్లకు చింపేసినా, కంప్యూటరులో ఆ మనిషి మందుల చరిత్ర ఉంటుంది. ఏటా ఒకసారైనా ఆ షాపుకు వెళ్లేవాళ్ల విషయంలో పదేళ్ల గడువు ముందుకు జరుగుతూనే ఉంటుంది.

ఒక్కో గడువు వెనక ఒక్కో అవసరం ఉంది. మొదటిది తప్పు మందు పడితే వెనక్కి వెళ్లి చూడటానికి, రెండోది మందు దారి మళ్లకుండా కాయడానికి, మూడోది రోగి వైద్యం తెగిపోకుండా ఉండటానికి. మన దగ్గర షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా కింద కొన్ని యాంటీబయోటిక్స్, క్షయ మందులకు 2014 నుంచి ఇలాంటి రిజిస్టరే పెట్టారు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం రాసి 3 ఏళ్లు ఉంచాలి. నిబంధనల వరకు చూస్తే పెద్ద తేడా లేదు. తేడా చీటీ ఎవరి చేతిలో మిగులుతుందన్న దగ్గర ఉంది. రోగి చేతిలో మిగిలితే అది మళ్లీ మళ్లీ వాడే టికెట్టు, షాపులో మిగిలితే తీరిపోయిన లావాదేవీకి సాక్ష్యం.

డబ్బు లెక్క కూడా ఈ రికార్డు మీదే నడుస్తుంది. ఒక్కో మందుకు 5 డాలర్ల రుసుమును 2023 జులైలో తీసేశారు, 2024 జులై 1 నుంచి మళ్లీ పెట్టారు. 14 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు, కమ్యూనిటీ సర్వీసెస్ కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మిగతావాళ్లకు ఫిబ్రవరి 1తో మొదలయ్యే ఏడాదిలో కుటుంబం మొత్తం మీద 20 మందులు దాటితే ఆ ఏడాది ఇక రుసుము ఉండదు. భార్య పేరు, పిల్లల పేర్లు ఒకే కుటుంబంగా నమోదై ఉన్నాయో లేదో షాపులో అడిగి చూసుకోవడం మంచిది, లేకపోతే లెక్క విడివిడిగా పడే అవకాశం ఉంది.

ఇక్కడ ‘కుటుంబం’ అంటే భార్యాభర్తలు, వాళ్ల మీద ఆధారపడిన పిల్లలు. మావోరీలు ఫానౌ అనే కుటుంబంలో తాతలు, మేనమామలు, దాయాదులు అందరూ ఉంటారు. భూమి చట్టానికి ఆ ఫానౌ తెలుసు, మందుల లెక్కకు తెలియదు.

రెండు చూపులూ ఎదురుపడిన కేసు

2021లో కోవిడ్ టీకాలు మావోరీలకు మిగతావాళ్లకంటే ఆలస్యంగా అందుతున్నాయి. ఉత్తర దీవిలో ఫానౌ ఓరా సేవల్ని, అంటే కుటుంబం మొత్తానికి అందించే ఆరోగ్య, సంక్షేమ సేవల్ని సమన్వయం చేసే సంస్థ, టీకా వేయించుకోని మావోరీల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వమని ఆరోగ్య శాఖను అడిగింది. ఇల్లిల్లూ తిరిగి నచ్చజెబుతామంది. తమ ద్వారా ఇప్పటికే సేవలు పొందినవాళ్ల వివరాలు తప్ప మిగతావి ఇవ్వబోమని శాఖ చెప్పింది. ఆరోగ్య సమాచారం ఒక్కొక్క వ్యక్తిది, వాళ్లు ఒప్పుకోకుండా ఇవ్వలేం అన్నది స్థూలంగా దాని వాదన.

సంస్థ హైకోర్టుకు వెళ్లింది. ప్రజారోగ్యానికి తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు వివరాలు ఇచ్చే వీలు ఆరోగ్య సమాచార గోప్యత నియమావళి (ప్రైవసీ కోడ్)లోనే ఉందని, వైటాంగి ఒప్పందాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని నవంబరులో కోర్టు చెప్పింది. శాఖ మళ్లీ చాలావరకు కాదంది. డిసెంబరులో కోర్టు రెండోసారి వెనక్కి పంపింది.

కోర్టు చెప్పింది పరిమితమే, ఆరోగ్య రికార్డులు తెగ ఆస్తి అని అది అనలేదు. అయినా ఇంతవరకు భూమి చట్టానికే పరిమితమైన వాదన ఈ కేసుతో ఆరోగ్య రికార్డుల్లోకి అడుగుపెట్టింది. ఒక జాబితాలోని పేర్ల మీద ఆ పేర్లున్న సమూహానికి కూడా ఎంతో కొంత హక్కు ఉంటుందన్నదే ఆ వాదన. దీన్ని ఎంతదూరం తీసుకెళ్లాలన్నది తేలలేదు. టీకాల జాబితా విషయంలో సబబుగా కనిపించేది, మానసిక వ్యాధి మందులు వాడుతున్నవాళ్ల జాబితా విషయంలో సబబు కాకపోవచ్చు. తన వాళ్లకే తెలియకూడదని మనిషి అనుకునే సంగతులు ఉంటాయి.

ఇకముందు

మందుల వైపు మార్పు ఇప్పటికే మొదలైంది. 2026 ఫిబ్రవరి 1 నుంచి నిలకడగా ఉన్న జబ్బులకు ఏడాది చీటీ రాసే వీలు వచ్చింది. మందు మాత్రం మునుపటిలాగే మూడు నెలలకోసారి ఇస్తారు. ఒక చీటీ ఏడాదంతా బతికి ఉంటుంది కాబట్టి, మధ్యలో మందు మారినా షాపు మారినా ఆ సంగతి రికార్డులో ఎక్కించే భారం ఫార్మసిస్టు మీద పెరుగుతుంది. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లకు డాక్టరు ఫీజులు తగ్గుతాయి.

భూమి వైపు మార్పు నెమ్మది. యజమానుల జాబితాలు ఇప్పుడు పాటకా ఫెనువా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో దొరుకుతాయి. సిడ్నీలో ఉన్న మనవడు తన ముత్తవ్వ పేరు అక్కడ చూసుకోవచ్చు, వారసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకున్నకొద్దీ జాబితాలు మరింత పొడవవుతాయి, వాటాలు మరింత చిన్నవవుతాయి. పెట్టుకోకపోతే ఎప్పుడో చనిపోయినవాళ్ల పేర్లే యజమానులుగా ఉండిపోతాయి. అలాంటి పేర్లు ఇప్పటికే చాలా బ్లాకుల్లో ఉన్నాయి. అమ్మకానికి కావలసిన 75 శాతం లెక్కించేటప్పుడు ఆ చనిపోయినవాళ్ల వాటా కూడా మొత్తంలో కలిసే ఉంటుంది.